ఇంటికప్పుపై సోలారు ప్యానెళ్లు: ఏ కంపెనీవి కొనవలెను?

(వ్యవసాయాధికారి, బి.ఎస్సి. వ్యవసాయము)



విత్తనము కొనునప్పుడు సంచిపై ముద్రించిన పచ్చని చేను బొమ్మను చూచి మీరు డబ్బు చెల్లించరు. సంచికి కుట్టిన ట్యాగు చూతురు. ధ్రువీకరించిన విత్తనమైనచో నీలిరంగు ట్యాగు ఉండవలెను. లాటు సంఖ్య, పరీక్ష తేదీ, మొలక శాతము ఉన్నవో లేవో చదువుదురు. దుకాణదారుని రసీదు అడిగి తీసికొందురు. రేపు మొలక రాకపోయినచో ఆ ట్యాగు, ఆ రసీదే మీకు సాక్ష్యములు.

అంత జాగ్రత్త గల రైతే ఇంటి డాబాపై సోలారు ప్యానెళ్లు బిగించుకొనునప్పుడు మాత్రము "ఏ కంపెనీది మంచిది?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరకుండుచున్నాడు. ఎవరో ఒక పేరు చెప్పుదురు. ఆ పేరు మీదనే లక్షన్నర, రెండు లక్షల రూపాయలు ఖర్చు పెట్టుచున్నాడు. విత్తనము చెడినచో ఒక పంటతో పోవును. ప్యానెలు ఇరువదియైదు సంవత్సరములు ఇంటిపై ఉండవలసినది. కావున దానిని ఎన్నుకొనుటలో ఏమేమి చూడవలెనో, మన వంటి ఉష్ణ దేశములో ఏ గుణములు ముఖ్యమో ఈ వ్యాసములో వివరింతును.

ప్యానెలు పని చేయు విధము

సిలికాను అను పదార్థముతో చేసిన పలుచని బిళ్లలపై ఎండ పడినప్పుడు వానిలో విద్యుత్తు పుట్టును. ఈ బిళ్లలనే సెల్లులందురు. 1954 లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు తయారు చేసిన సిలికాను సెల్లు తనపై పడిన వెలుతురులో సుమారు 6 శాతమును మాత్రమే విద్యుత్తుగా మార్చెను. నేడు అంగడిలో దొరకు మంచి ప్యానెళ్లు 20 నుండి 23 శాతము వరకు మార్చుచున్నవి. మన దేశములో ప్రభుత్వ సంస్థయైన సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977 లో సెల్లును, 1978 లో ప్యానెలును తయారు చేసినది.

సెల్లులను వరుసగా కలిపి, పైన గట్టి అద్దము, క్రింద మరియొక అద్దము గాని ప్లాస్టిక్ పొర గాని పెట్టి, నడుమ జిగురు పొరతో అతికించి, చుట్టును అల్యూమినియము చట్రము బిగింతురు. ఇదియే ప్యానెలు. మన ప్రాంతములో ఒక కిలోవాటు ప్యానెళ్లు సంవత్సరము మొత్తము మీద సగటున దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. మూడు కిలోవాట్లు పెట్టుకొన్న ఇంటికి సుమారు 12 యూనిట్లు వచ్చును. వానలు ముసిరిన దినములలో ఇది సగమునకు తగ్గవచ్చును. దీనికంటె చాల ఎక్కువ వచ్చునని ఎవరైన వాగ్దానము చేసినచో, ఆ మాటను కాగితముపై వ్రాసి ఇమ్మని అడుగుడు.

ఎండ మేలు, వేడి కీడు

"మాకు ఎండకేమి కొదువ? మే నెలలో ఇంకను ఎక్కువ కరెంటు వచ్చును గదా!" అని పలువురు అనుకొందురు. ఇక్కడనే మొదటి పొరపాటు. ప్యానెలుకు కావలసినది వెలుతురు, వేడిమి కాదు. వేడి పెరిగిన కొలది దాని శక్తి తగ్గును.

ప్యానెలు వెనుక "540 వాట్లు" అని వ్రాసి యుండును. ఆ అంకె సెల్లు 25 డిగ్రీల వేడిలో ఉన్నప్పుడు, చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు పడునప్పుడు కొలిచినది. మన డాబాపై మిట్టమధ్యాహ్నము సెల్లు ఎన్నడును 25 డిగ్రీలలో ఉండదు. గాలి 40 డిగ్రీలున్న దినమున సెల్లు దానికంటె సుమారు 30 డిగ్రీలు హెచ్చుగా, అనగా 70 డిగ్రీల వరకు వేడెక్కును. పరీక్షించిన స్థితికంటె ఇది 45 డిగ్రీలు ఎక్కువ.

ఒక్కొక్క డిగ్రీకి ఎంత శాతము శక్తి తగ్గునో కంపెనీవారు ప్యానెలు వివరపత్రములో అచ్చు వేయుదురు. దీనిని ఉష్ణ గుణకము అందురు. మూడు కిలోవాట్ల, అనగా 3000 వాట్ల, ప్యానెళ్లు 70 డిగ్రీల వద్ద ఎంత ఇచ్చునో లెక్క కట్టి చూతము.

పాత రకమగు పాలీ ప్యానెలు: డిగ్రీకి సుమారు 0.40 శాతము నష్టము. 45 డిగ్రీలకు 18 శాతము. మిగులునది 2460 వాట్లు.

మోనో పెర్క్ రకము: డిగ్రీకి సుమారు 0.35 శాతము. మొత్తము 15.75 శాతము. మిగులునది సుమారు 2530 వాట్లు.

టాప్‌కాన్ రకము: డిగ్రీకి సుమారు 0.30 శాతము. మొత్తము 13.5 శాతము. మిగులునది 2595 వాట్లు.

హెచ్.జె.టి. రకము: డిగ్రీకి సుమారు 0.25 శాతము. మొత్తము 11.25 శాతము. మిగులునది సుమారు 2660 వాట్లు.

ఈ లెక్కలో రెండు సంగతులు గమనింపుడు. మొదటిది: వేడి దేశములో ఈ గుణకము చిన్నదిగా ఉన్న ప్యానెలే మేలు. రెండవది: పెర్క్ రకమునకు, టాప్‌కాన్ రకమునకు మధ్య తేడా మండుటెండలో కూడ రెండు, మూడు శాతమే. చల్లని నెలలలో అది ఇంకను తగ్గును. కావున ధరలో తేడా కొద్దిగా ఉన్నచో టాప్‌కాన్ కొనుట లాభము. ఈ గుణమొక్కటే చెప్పి ధర విపరీతముగా పెంచినచో లొంగనక్కరలేదు.

తేమ, ఉప్పుగాలి, పశువుల కొట్టము

మన దేశములో ప్యానెలును చెరచునది వేడి ఒక్కటే కాదు. వేడితో కూడిన తేమ మరింత కీడు చేయును. వెనుక పొర నాసిరకమైనచో పగిలి, తేమ లోనికి దూరి, సెల్లులను కలుపు తీగలు తుప్పు పట్టును. అందువలననే ప్రామాణిక పరీక్షలో ప్యానెలును 85 డిగ్రీల వేడిలో, 85 శాతము తేమలో 1000 గంటలు ఉంచుదురు. ఇది కనీస పరీక్ష. కొన్ని కంపెనీలు తమ ప్యానెళ్లను ఇంతకు రెట్టింపు కాలము పరీక్షింపజేసి ఫలితములను ప్రకటించును. అట్టి ఫలితము చూపగల కంపెనీని ముందు వరుసలో ఉంచవచ్చును.

ముందు వెనుక రెండు వైపులను అద్దమే ఉన్న ప్యానెలు తేమకు బాగుగా ఆగును. శ్రీకాకుళము నుండి నెల్లూరు వరకు సముద్రతీర గ్రామములవారు దీనినే ఎన్నుకొనుట మంచిది. బరువు ఎక్కువ గనుక క్రింది చట్రము గట్టిగా ఉండవలెను. తీర గ్రామములవారు "ఉప్పుగాలి పరీక్ష, ఐ.ఇ.సి. 61701, జరిగినదా?" అని కూడ అడుగవలెను.

రైతు ఇంటికి మరియొక ప్రత్యేకత కలదు. పశువుల కొట్టముపై గాని, కోళ్ల షెడ్డుపై గాని ప్యానెళ్లు పెట్టువారు, పేడ నుండియు రెట్ట నుండియు లేచు అమోనియా వాయువును లెక్కలోనికి తీసికొనవలెను. అది లోహమును, జిగురు పొరను మెల్లగా తినివేయును. దీనికి ఐ.ఇ.సి. 62716 అను వేరు పరీక్ష కలదు. పట్టణములోని దుకాణదారునికి ఈ సంగతి తోచకపోవచ్చును, మీరే అడుగవలెను.

కంపెనీ పేరు కాదు, మోడలు చూడుడు

టాటా పవర్ సోలార్, వారీ, అదానీ సోలార్, విక్రమ్ సోలార్, హైదరాబాదులో 1995 లో స్థాపింపబడిన ప్రీమియర్ ఎనర్జీస్ మొదలగు పేర్లు మీరు వినియుందురు. ఇవి గాక ఇంకను అనేక కంపెనీలు కలవు. వీనిలో ఇది మొదటిది, ఇది రెండవది అని నేను వరుస కట్టను. ఏలయన, ఒకే కంపెనీ అయిదారు రకముల ప్యానెళ్లు చేయును. పాత రకము, కొత్త రకము ఒకే ముద్రతో అంగడిలో ఉండును. ఒకే కంపెనీ విత్తనములలో ఒక వంగడము మీ నేలకు సరిపడి, మరియొకటి సరిపడకపోవుట మీరెరిగినదే.

ప్రభుత్వము కూడ ఇట్లే ఆలోచించినది. కేంద్ర నవ్య, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2019 లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారము ఆమోదించిన మోడళ్ల, తయారీదారుల జాబితా ఏర్పడినది. దీనినే ఎ.ఎల్.ఎం.ఎం. అందురు. కంపెనీ పేరుతో పాటు మోడలు సంఖ్య కూడ ఆ జాబితాలో ఉండవలెను. మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో దీనిని ఎవరైనను చూడవచ్చును. దీనికి తోడు ప్యానెలుపై భారత ప్రమాణముల సంస్థ గుర్తు ఉండవలెను, మన్నికకు ఐ.ఎస్. 14286, భద్రతకు ఐ.ఇ.సి. 61730 ప్రమాణములు వర్తించును.

2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన పి.ఎం. సూర్య ఘర్ పథకము క్రింద సబ్సిడీ కోరువారు మరియొక నియమము తెలిసికొనవలెను. సెల్లు, ప్యానెలు రెండును మన దేశములోనే తయారై యుండవలెను. ఇట్టివానిని డి.సి.ఆర్. ప్యానెళ్లందురు. విదేశపు సెల్లులతో ఇక్కడ కూర్చిన ప్యానెళ్లు ధర తక్కువగా ఉండును గాని వానికి సబ్సిడీ రాదు. ఈ పథకములో మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాటుకు 30,000 రూపాయల చొప్పున, మూడవ కిలోవాటుకు 18,000 రూపాయలు, మొత్తము 78,000 రూపాయలకు మించకుండ సబ్సిడీగా నిర్ణయించిరి. దరఖాస్తు పెట్టుకొను నాటికి అమలులో ఉన్న మొత్తమును పథకపు పోర్టలులో సరిచూచుకొనుడు.

"మాది టయర్ వన్ కంపెనీ" అని కొందరు అమ్మకందారులు గొప్పగా చెప్పుదురు. ఇది బ్లూమ్‌బెర్గ్ సంస్థవారి జాబితా. ఆ కంపెనీ ప్యానెళ్లను నమ్మి బ్యాంకులు పెద్ద విద్యుత్ కేంద్రములకు ఋణములిచ్చినవా యని మాత్రమే అందులో చూతురు. ప్యానెలు నాణ్యతను కొలిచి ఇచ్చిన పతకము కాదు. కంపెనీ కొంత నిలకడ గలదని తెలియుటకు పనికివచ్చును. అంతకు మించి నమ్మరాదు.

వారంటీలో రెండు భాగములు

వారంటీ ఒకటి కాదు, రెండు. ప్యానెలు పగులుట, పొర ఊడుట, తీగ తెగుట వంటి లోపములకు ఇచ్చునది వస్తువు వారంటీ. ఇది సాధారణముగా 12 సంవత్సరములు ఉండును. కరెంటు ఒక స్థాయికి తగ్గదని ఇచ్చునది ఉత్పత్తి వారంటీ. ఇది 25 లేక 30 సంవత్సరములు. అమ్మకందారు పెద్ద అంకెనే చెప్పును. మీకు ఎక్కువ అక్కరకు వచ్చునది మొదటిది.

మంచి పెర్క్ ప్యానెలు మొదటి సంవత్సరము 2 శాతము, తరువాత ఏటా 0.55 శాతము తగ్గి 25 సంవత్సరములకు సుమారు 85 శాతము వద్ద ఉండునని హామీ యిత్తురు. టాప్‌కాన్ ప్యానెలు మొదటి ఏడు 1 శాతము, తరువాత ఏటా 0.4 శాతము తగ్గి 30 సంవత్సరములకు సుమారు 87 శాతము వద్ద ఉండునని చెప్పుదురు. హామీ ఇచ్చిన కంపెనీ అప్పటికి ఉన్నప్పుడే ఈ అంకెలకు విలువ. కావున కంపెనీ ఎన్ని యేండ్లుగా ఉన్నది, మన రాష్ట్రములో దానికి సేవాకేంద్రము కలదా, పాడైన ప్యానెలును దింపి పంపు ఖర్చు ఎవరిది అని ముందే తెలిసికొనుడు.

మా యింట జరిగిన పొరపాటు

ఈ మాటలు నేను పుస్తకములు చదివి మాత్రమే వ్రాయుట లేదు. 2022 లో మా తండ్రిగారి ఊరిలో ఇంటి డాబాపై మూడు కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టించితిని. నలుగురిని అడిగి పేరుమోసిన కంపెనీనే ఎన్నుకొంటిని. బిగించువానిని మాత్రము ధర తక్కువ చెప్పినాడని పిలిచితిని. పని జరుగు దినమున సెలవు దొరకలేదని నేను ఊరికి పోలేదు.

నెల తిరిగిన పిదప చూడగా దినమునకు 8 యూనిట్లకు మించి రాలేదు. అదే వీధిలో మా పినతండ్రిగారు అంతగా పేరు లేని కంపెనీ ప్యానెళ్లు అంతే సామర్థ్యముతో పెట్టించిరి. వారికి 12 యూనిట్లు వచ్చుచుండెను. నేను కంపెనీని నిందించి ఫిర్యాదు వ్రాయ సిద్ధపడితిని. మా నాయనగారు నన్ను డాబా మీదికి తీసికొనిపోయి, మధ్యాహ్నము మూడు గంటల వేళ ప్యానెళ్ల ప్రక్కన నిలువబెట్టిరి. నీళ్ల ట్యాంకు నీడ రెండు ప్యానెళ్లపై పడియున్నది. వేపచెట్టు నీడ మూడవదానిపైకి ప్రాకుచున్నది. ప్యానెళ్లకు, కప్పునకు నడుమ చేయి పట్టు సందు కూడ లేదు.

"విత్తనం మంచిదేరా, విత్తింది చవిటినేల. ఊరందరికీ చెప్పేవాడివి, నీ చేను నువ్వే చూసుకోలేదు" అని వారనిరి. నాకు మాట రాలేదు.

చట్రము విప్పించి, ట్యాంకుకు దక్షిణముగా జరిపించి, అడుగున్నర ఎత్తు లేపించితిని. వేపకొమ్మలు రెండు కొట్టించితిమి. కొత్త ఖర్చు 18,000 రూపాయలైనది. ఆ ప్యానెళ్లే నాటి నుండి 11, 12 యూనిట్లు ఇచ్చుచున్నవి. కంపెనీ తప్పు ఇసుమంతయు లేదు.

అయితే కథ అంతటితో ముగియలేదు. మరుసటి ఏడు పినతండ్రిగారి ప్యానెలు ఒకటి, ఎవరును తాకకుండనే, అద్దము నెరియలు విచ్చినది. వారంటీ కాగితము తీసి చూడగా దానిపై వరుస సంఖ్యలు లేవు. అమ్మినవాని ఫోను పనిచేయలేదు. ఆ ప్యానెలు ఖర్చు వారే భరింపవలసివచ్చినది. మా యింట బిగింపు చెడినది. వారి యింట కాగితము చెడినది. రెండును సరిగా నున్నప్పుడే ప్యానెలు మంచిదగును.

బిగింపులో చూడవలసినవి

నీడ: ప్యానెలులోని సెల్లులు ఒకే వరుసగా కలిసి యుండును. కాలువలో ఒకచోట మట్టి పడినచో దిగువ మడులన్నిటికి నీరు తగ్గునట్లు, ఒక్క సెల్లుపై నీడ పడినను ఆ వరుస మొత్తము కుంటుపడును. సగము సెల్లులతో చేసిన ప్యానెళ్లలో ఈ నష్టము కొంత తక్కువ. ఉదయము 9 నుండి సాయంత్రము 4 వరకు నీడ పడని చోటునే ఎన్నుకొనుడు. డిసెంబరులో సూర్యుడు దక్షిణముగా వాలి నీడలు పొడవగునని మరువరాదు.

గాలి సందు: కప్పునకు, ప్యానెలుకు మధ్య గాలి ఆడవలెను. రేకులకు ఆనించి బిగించినచో సెల్లు మరి పది డిగ్రీలు వేడెక్కవచ్చును. అనగా మూడు, నాలుగు శాతము నష్టము. ఖరీదైన రకము కొని సంపాదించిన లాభమంతయు దీనితో పోవును.

వాలు: దక్షిణ ముఖముగా, మీ ఊరి అక్షాంశమునకు సమీపముగా వాలు ఉంచుడు. తిరుపతి ప్రాంతములో సుమారు 14 డిగ్రీలు, హైదరాబాదు, విశాఖపట్నము ప్రాంతములలో సుమారు 17, 18 డిగ్రీలు చాలును. వాలు ఉన్నచో వానకు దుమ్ము తనంతట కడిగిపోవును.

తుఫాను: 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నము వద్ద తీరము దాటినప్పుడు గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. అట్టి గాలి ప్యానెలును క్రిందికి అదుముట కంటె పైకి లేపుటయే ప్రమాదము. చట్రము వేడి జింకుపూత వేసినదై, కాళ్లు కాంక్రీటు దిమ్మెలలో గాని స్లాబులోనికి దిగిన బోల్టులతో గాని బిగిసియుండవలెను. క్లాంపులు కంపెనీ చూపిన చోటులందే పెట్టవలెను. ప్యానెలుకు రంధ్రములు పొడవనీయరాదు. చట్రమునకు, పిడుగుల కడ్డీకి ఎర్తింగు తప్పనిసరి.

శుభ్రత: నూర్పిళ్ల కాలమున దుమ్ము, పొట్టు పేరుకొనును. తెల్లవారుజామున చల్లని వేళ మెత్తని గుడ్డతో, మంచినీటితో కడుగుడు. మధ్యాహ్నము కాలియున్న అద్దముపై చన్నీరు పోయరాదు. ఉప్పు బోరునీరు తెల్లని మరకలు కట్టును, వాననీరు శ్రేష్ఠము. కోతుల బెడద గల ఊళ్లలో తీగలను గొట్టములలో నడిపింపుడు.

ఒక ముఖ్య విషయము

లైనుకు కలిపిన సోలారు యంత్రము, కరెంటు పోయినప్పుడు తానును ఆగిపోవును. లైనుపై పనిచేయు సిబ్బందికి షాకు తగులకుండ ఇట్లు చేసిరి. మంచి కంపెనీ ప్యానెలైనను ఇంతే. కోతల వేళ దీపములు వెలుగవలెనన్నచో బ్యాటరీ గల హైబ్రిడ్ ఇన్వర్టరు వేరుగా కావలెను. దీనిని తెలియక మోసపోతిమని వాపోవువారు పలువురు కలరు.

డబ్బు చెల్లించుటకు ముందు

1. మోడలు సంఖ్య ఎ.ఎల్.ఎం.ఎం. జాబితాలో ఉన్నదా? సబ్సిడీకి డి.సి.ఆర్. ప్యానెలేనా?

2. ఉష్ణ గుణకము డిగ్రీకి 0.35 శాతమునకు మించకుండ ఉన్నదా?

3. తీరమునకు ఉప్పుగాలి పరీక్ష, కొట్టమునకు అమోనియా పరీక్ష జరిగినవా?

4. వస్తువు వారంటీ 12 సంవత్సరములకు తగ్గకుండ ఉన్నదా?

5. ప్రతి ప్యానెలు వరుస సంఖ్య రసీదుపై వ్రాసిరా? ప్యానెలుపై సంఖ్యతో సరిపోయినదా?

6. బిగించువాడు పథకములో నమోదైనవాడా? అయిదు సంవత్సరముల నిర్వహణ బాధ్యత ఒప్పుకొనెనా?

7. మూడేండ్ల క్రిందట అతడు బిగించిన ఇల్లు ఒకటి చూపగలడా? ఆ ఇంటివారితో మాటాడితిరా?

ఈ యేడింటిలో మొదటిది, అయిదవది తప్పినచో ధర ఎంత తక్కువైనను కొనకుడు.

గ్రామాధికారులకు ఒక మనవి

సచివాలయ, పంచాయతీ ఉద్యోగులు ఈ యేడు ప్రశ్నలను కార్యాలయపు గోడపై వ్రాయించినచో ఊరికి మేలు చేసినవారగుదురు. ఎ.ఎల్.ఎం.ఎం. జాబితాను కంప్యూటరులో తెరచి చూపుటకు పది నిమిషములు పట్టును. ఋణము తెచ్చి ప్యానెళ్లు పెట్టుకొను చిన్న రైతునకు ఆ పది నిమిషములు ఎంతో విలువైనవి.

రైతు సోదరులారా! సూర్యుడు అందరి డాబాలపైనను సమముగానే ప్రకాశించును. ఆ వెలుతురులో మీ వాటా ఇంటికి చేరుట, మీరు సంచిని గాక ట్యాగును చదువుటపై ఆధారపడియున్నది. బిగింపు దినమున మాత్రము ఎంత పని యున్నను ఇంటనే ఉండుడు.